పదకొండు పెండ్లిళ్ల వారం

సిరొంచలో మా ఇంటిపేరు చింతల.
బడి రిజిస్టర్లో చింతల్‌వార్.
ఒడ్డు మారితే పేరుకు తోక మొలుస్తుంది.

కిష్టయ్య సేటు వీడియో దుకాణంలో
శనివారం రాత్రి లెక్క నా పని.
నల్లరంగు పూసిన ప్లైవుడ్ చెక్క మీద
'ఈ వారం ఎక్కువ పోయినవి' అని రాసి
కింద ఒకటి నుంచి పది దాకా,
ఎడమవైపు తెలుగులో, కుడివైపు మరాఠీలో.
ఐదు రూపాయల కిరాయికి ఒక గీత,
నాలుగు నిలువు గీతల మీద ఐదోది అడ్డంగా.
సేటు పాలల్లో నీళ్లు పోసే ఇంట్లో పుట్టినవాడు,
గీతల్లో మాత్రం నీళ్లు పోయనిచ్చేవాడు కాదు.
"లెక్క లెక్కే" అనేవాడు.

కేసెట్లు గోదారి అవతల నుంచి,
కాళేశ్వరం రేవులో పడవెక్కి
ఎండుమిరప బస్తాల మధ్య కూర్చుని వచ్చేవి.
డబ్బా తెరిస్తే ముందు తుమ్ము,
తర్వాత హీరో.

ఆ ఏడు శ్రావణంలో
ప్రాణహితా గోదారీ ఒకటే నీరయ్యాయి.
పడవలు కట్టేసిన దున్నల్లా తాళ్లు గుంజాయి.
వాగు మునిగి ఆలాపల్లి బస్సూ రాలేదు.
ఇరవై రోజులు కొత్త బొమ్మ లేదు, కరెంటు లేదు,
పెళ్లిళ్లకు అద్దెకిచ్చే జనరేటరు
డీజిలు వాసనతో ఇంటింటికీ తిరిగింది.
ఉన్న బొమ్మలన్నీ జనానికి కంఠతా వచ్చేశాయి,
విలన్ నోరు తెరవకముందే
పిల్లలు మాట అందించేవాళ్లు.

అప్పుడు ఒకామె వచ్చి అడిగింది,
"లసుమక్క పెండ్లి క్యాసెట్టు నీ తాన్నే ఉన్నదట గద,
అండ్ల మా అవ్వ నడుస్తది."

కాపీ తీసిన బాకీ కట్టక
రెండేళ్లుగా మా అరలోనే ఉంది అది.
ఒక్కరు తీసుకెళ్లారు, వాడంతా వెంటబడింది.
ఒకరికి అందులో అమ్ముకున్న ఎద్దు,
ఒకరికి అప్పటికింకా కూలని గోడ.
ఉప్పరి మొండి అయితే
తాను మూడోసారి బూంది అడిగిన చోట
ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ ఆపి చూశాడట.

శనివారం గీతలు లెక్కబెట్టాను.
పదకొండు. రెండోదానికి ఆరే.
సేటు గడ్డం గోక్కున్నాడు. దీపం వత్తి ఎక్కించాడు.
"రాయి" అన్నాడు.
రాశాను: 1. లసుమక్క పెండ్లి, రెండు భాగాలు.
కుడివైపు: లసుమక్కాచే లగ్న.

ఆదివారం లసుమక్కే వచ్చింది,
తల మీద యూరియా సంచి, కాళ్లకు మోకాలి దాకా బురద.
అవతలి ఒడ్డు అత్తిల్లు విడిచి
వరదకు ముందు ఆఖరి పడవలో వచ్చిందని
ఊరందరికీ తెలుసు.
ఎందుకన్నది పడవవాడికీ తెలియదు.

"ఈ వారం నాకెన్ని పెండ్లిళ్లయినయి?"
"పదకొండు."
"ఎన్నిసార్లు మర్లి వచ్చిన?"
అది క్యాసెట్లో లేదని
సేటు నేలకు చెప్పాడు.

ఆమె సుద్దముక్క తీసుకుంది.
తుడిచేస్తుందనుకున్నాను.
'రెండు భాగాలు' కొట్టేసి 'ఒక్కటే' అని రాసింది.
"బువ్వలదాక సూడనీ.
అప్పగింతలు ఎవలికీ కిరాయికియ్యకు."
గుమ్మం దాకా వెళ్లి తిరిగింది.
"కిరాయిల నా వంతేది?"

యాభై ఐదులో సగం ఇరవై ఏడున్నర.
సేటు గల్లాలో అర్ధరూపాయి కోసం
చాలాసేపు వెతికి
ఇరవై ఎనిమిది ఇచ్చాడు.
ఆయన లెక్క తప్పడం నేను చూసింది అదొక్కసారే.

నీళ్లు తీశాక పడవలో ఎనిమిది కొత్త బొమ్మలొచ్చాయి.
లసుమక్క నాలుగుకు దిగింది,
తర్వాత తొమ్మిదికి,
తర్వాత చెక్క మీద లేదు,
రేవు దగ్గర మిర్చి బజ్జీలు వేస్తూ ఉండేది.

ఇప్పుడు వంతెన ఉంది. బొమ్మలు గాలిలో వస్తాయి,
వాటికి గీతలెవరు గీస్తారో నాకు తెలియదు.
చెక్క మా కోళ్లగూటి తలుపయింది.
రెండో భాగం నా దగ్గరే ఉండిపోయింది,
రీలు మీద తెల్లటి బూజు.
మొన్న బజ్జీలు కట్టించుకుంటూ
తెచ్చివ్వనా అని అడిగాను.

నూనెలోంచి జల్లెడగంటె ఎత్తి
కాసేపు వడకట్టింది.
"ఉండనియ్ బిడ్డా.
మా నాయిన ఏడ్సుకుంట నిలవడ్డడు అండ్ల.
ఎవలన్న ఆడిస్తెనే గద మల్ల ఏడ్సుడు."